ఆఫ్రికన్ అమెరికన్ పేపర్ తీసుకున్నా, నవలలో భాషే అర్థం కావట్లేదు. పేపర్ మార్చుకోవాలా?

బోధన్_బిడ్డ
ఎం.ఏ. ఇంగ్లీష్ రెండో సంవత్సరం చదువుతున్నా. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. పోయిన సెమిస్టర్‌లో అమెరికన్ లిటరేచర్ పేపర్ ఉండె. ఎమర్సన్, విట్మన్, ఫ్రాస్ట్, ఆర్థర్ మిల్లర్ అందరినీ డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి మంచి మార్కులే తెచ్చుకున్నా. ఆ ధైర్యంతో ఈసారి ఆప్షనల్‌గా ఆఫ్రికన్ అమెరికన్ లిటరేచర్ తీసుకున్నా. జోరా నీల్ హర్‌స్టన్ 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' తెరిస్తే మొదటి పేజీ బాగానే ఉంది. మనుషులు మాట్లాడటం మొదలుపెట్టగానే ఒక్క ముక్క అర్థం కాలేదు. 'ఐ' ఉండాల్సిన చోట 'ఆ', 'దట్' ఉండాల్సిన చోట 'డాట్'. డిక్షనరీలో వెతికితే ఆ మాటలే లేవు.

క్లాసులో అడిగితే "ఆ నవల చదవక్కర్లేదు, చదివితే మీకు వచ్చిన ఇంగ్లీష్ కూడా పాడవుతుంది, నోట్స్ ఇస్తాను" అన్నారు. పదకొండు పేజీల నోట్స్ ఇచ్చారు. అందులో నవల నుంచి ఒక్క వాక్యం లేదు. నాకు బాధేసింది. ఇంటర్‌లో నా తెలుగు గురించి కూడా ఇదే మాట అన్నారు, నేను మాట్లాడితే పక్కనోళ్ళ తెలుగు పాడవుతుందని.

పేపర్ మార్చుకోవడానికి ఇంకా నాలుగు రోజులు టైముంది. మార్చుకోవాలా, ఉంచుకోవాలా?

నెట్_ప్రిపరేషన్
మార్చేసుకో. ఇంగ్లీష్ బోధన పేపర్ (ఈఎల్‌టీ) తీసుకో, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది. యూజీసీ నెట్ పరీక్షలో ఈ పేపర్ నుంచి అడిగేవి ఏ పుస్తకం ఏ సంవత్సరం, ఎవరు రాశారు అనే టైపే. దాని కోసం ఒక సెమిస్టర్ అక్కర్లేదు, రెండు సాయంత్రాలు చాలు.

లైబ్రరీ_పురుగు
మార్చుకోవద్దు బోధన్. నీ సమస్యకు మందు ఉంది. ఆ సంభాషణలు కళ్ళతో చదవకు, గట్టిగా పైకి చదువు. హర్‌స్టన్ స్పెల్లింగ్ తప్పు రాయలేదు, తను విన్న శబ్దాన్ని రాసింది. 'ఆ' అంటే 'ఐ'. 'డాట్' అంటే 'దట్'. ఇలాంటివి ఒక ఇరవై మాటలు పట్టుకుంటే మిగతాదంతా నోట్లోనే విడిపోతుంది. మొదటి సీనే చూడు. కథానాయిక జానీ ఓవరాల్స్ వేసుకుని ఊళ్ళోకి తిరిగొస్తుంది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు "కట్టుకోవడానికి బట్టే దొరకలేదా దీనికి" అని మొదలుపెడతారు. మన ఊళ్ళో అరుగుల మీద వినని మాటా ఇది?

కరీంనగర్_కవిత
పోస్టు చదివి కళ్ళు తిరిగినంత పనైంది. "పక్కనోళ్ళ తెలుగు పాడవుతుంది" అనే మాట నేనూ పడ్డా. ఎనిమిదో తరగతిలో వ్యాసంలో 'తొవ్వ' అని రాస్తే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పక్కన 'దారి' అని రాశారు. ఆ నోటుబుక్ ఇంకా నా దగ్గరుంది. సినిమాల్లో మా యాస విలన్ పక్కన ఉండేవాడికీ, నవ్వించేవాడికీ మాత్రమే ఇచ్చిన రోజులు చూసినవాళ్ళం. హర్‌స్టన్ ఆ భాషను హీరోయిన్ నోట పెట్టింది, ప్రేమ చెప్పడానికి పెట్టింది, చావు గురించి మాట్లాడటానికి పెట్టింది. అందుకే ఆ పేపర్ వదలొద్దు చెల్లె.

సెమినార్_హాల్
కవిత గారి మాటతో సగం ఒప్పుకుంటాను. కానీ ఆ నవల వచ్చిన 1937లోనే ఇంకో నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ దాన్ని గట్టిగా తిట్టాడు. తెల్లవాళ్ళు నల్లవాళ్ళ వేషం వేసి నవ్వించే మిన్‌స్ట్రెల్ నాటకాలు ఉండేవి కదా, హర్‌స్టన్ ఆ సంప్రదాయాన్నే కొనసాగిస్తోందని, తెల్ల పాఠకుల్ని మురిపిస్తోందని అతని అభ్యంతరం. మూడేళ్ళ తర్వాత 1940లో అతను 'నేటివ్ సన్' రాశాడు. అందులో కోపం తప్ప పాటల్లేవు. యాసలో రాస్తే చాలు గౌరవం ఇచ్చినట్టే అనుకోలేం. ఎవరు రాస్తున్నారు, ఎవరి కోసం రాస్తున్నారు అన్నది చూడాలి. తెల్ల రచయిత మార్క్ ట్వెయిన్ కూడా 'హకిల్‌బెరీ ఫిన్'లో బానిస జిమ్ చేత యాసే మాట్లాడించాడు.

కరీంనగర్_కవిత
హర్‌స్టన్ ఎవరో కూడా చెప్పండి మరి. ఆమె పెరిగింది ఫ్లోరిడాలోని ఈటన్‌విల్‌లో. 1887లో నల్లవాళ్ళు తమకు తాముగా మునిసిపాలిటీ చేసుకున్న ఊరు అది. మేయరూ వాళ్ళే, దుకాణమూ వాళ్ళదే. న్యూయార్క్ వెళ్ళి బర్నార్డ్ కాలేజీలో ఫ్రాంజ్ బోయాస్ దగ్గర ఆంత్రోపాలజీ చదివి, మళ్ళీ దక్షిణాదికి వచ్చి ఊరూరా తిరిగి కథలూ పాటలూ సేకరించిన మనిషి. ఆమె ఎవరినో మురిపించడానికి యాస రాసిందంటే నేను నమ్మను. తన ఇంటి మాట రాసుకుంది.

గోదారి_గట్టు
ఇద్దరూ కొట్టుకోకండి, ఈ గొడవే మంచి పరీక్ష ప్రశ్న. బోధన్‌కు పదిహేను మార్కుల ఎస్సే ఇక్కడే దొరికింది 🙂

పాత_సీనియర్
నోట్స్ మీద బతికే అలవాటు గురించి ఒక మాట. మేం చదివే రోజుల్లో హైదరాబాద్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది. 1964లో ఉస్మానియా క్యాంపస్‌లో పెట్టారు. అమెరికా మీద అంత పెద్ద లైబ్రరీ ఈ ప్రాంతంలో ఇంకెక్కడా లేదు. దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు వచ్చి వారాల తరబడి ఉండి చదువుకునేవారు. నేను వరంగల్ నుంచి పాసింజర్ రైల్లో వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని చేత్తో పేజీలకు పేజీలు ఎత్తి రాసుకున్నాను. జేమ్స్ బాల్డ్విన్‌ను మొదటిసారి అక్కడే చదివాను. అప్పుడు పుస్తకం దొరకడమే కష్టం. ఇప్పుడు బానిసగా పుట్టి రచయితైన ఫ్రెడరిక్ డగ్లస్ రాసింది ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది. అయినా పిల్లలు పదకొండు పేజీల నోట్స్ చదివి బయటపడుతున్నారంటే నాకు దిగులుగా ఉంటుంది.

బోధన్, హర్‌స్టన్‌తో మొదలుపెట్టకమ్మా. 1845 నాటి డగ్లస్ ఆత్మకథతో మొదలుపెట్టు. చిన్న పుస్తకం, సూటి ఇంగ్లీష్. అందులో బాల్టిమోర్ ఓడల యార్డు దగ్గర అతను రాయడం నేర్చుకున్న తీరు చూడు. వడ్రంగులు దూలాల మీద ఓడలో ఏ వైపు వాడాలో గుర్తుగా ఒకటి రెండు అక్షరాలు రాసేవారు. ఎడమ వైపుకు 'ఎల్', కుడి వైపుకు 'ఎస్', ముందు భాగానికి 'ఎఫ్', వెనక భాగానికి 'ఎ'. ఆ నాలుగక్షరాలు దిద్దుకుని, వీధిలో తెల్ల పిల్లల్ని పిలిచి "నీకంటే బాగా రాస్తా చూడు" అని పందెం వేసేవాడు. వాళ్ళు గెలవాలని కొత్త అక్షరాలు రాసి చూపించేవారు. అలా మిగతావి రాబట్టుకున్నాడు. చదవడం నేర్చుకోవడానికైతే జేబులో రొట్టె ముక్కలు పెట్టుకుని వెళ్ళి, ఆకలిగా ఉన్న పేద తెల్ల పిల్లలకు ఇచ్చి బదులుగా పాఠం చెప్పించుకునేవాడు.

మూడో_బెంచి
పాత_సీనియర్ సర్, రొట్టె సంగతి మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. "స్లేవ్ నరేటివ్ (బానిసల స్వీయకథ) లక్షణాలు" అని ఏడు పాయింట్లు రాయించారు అంతే.

నాదో డౌట్. డగ్లస్ మీద ఆన్సర్‌లో, మన దగ్గర కూడా కింది కులాలకు చదువు లేకుండా చేశారు అని రాస్తే ఇంటర్నల్స్‌లో "అప్రస్తుతం" అని మార్కులు కోశారు. రాయకూడదా?

సెమినార్_హాల్
రెండు లైన్లలో రాస్తే అప్రస్తుతమే. కులం, జాతి ఒకటే అన్నట్టు రాసేస్తారు అందరూ. వివరం ఉండదు. 1662లో వర్జీనియాలో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం పిల్లల స్థితి తల్లిని బట్టి. తల్లి బానిస అయితే, తండ్రి ఆ ఇంటి యజమానే అయినా బిడ్డ బానిసే. అంటే బలాత్కారం వల్ల యజమానికి ఆస్తి పెరిగేది. మనుషుల్ని వేలం వేశారు, తాకట్టు పెట్టారు, వీలునామాల్లో పంచుకున్నారు. ఈ సంగతి తెలియకుండా "మన వెట్టి లాంటిదే" అంటే అక్కడివాళ్ళకూ అన్యాయం, ఇక్కడివాళ్ళకూ అన్యాయం.

పల్లె_దారి
సెమినార్_హాల్ చెప్పిన తేడా నిజం, నేను కాదనను. కానీ పోల్చడం మనం ఇవాళ కనిపెట్టింది కాదు. జోతీరావు ఫూలే 1873లో 'గులామ్‌గిరి' రాసి, బానిసత్వాన్ని రద్దు చేయడంలో పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డూబాయిస్‌కు ఉత్తరం రాశాడు. నల్లజాతి వాళ్ళ తరఫున ఐక్యరాజ్యసమితికి పెడుతున్న విన్నపం కాపీ పంపమని అడిగాడు. డూబాయిస్ జవాబిచ్చాడు. 1972లో బొంబాయిలో కుర్రాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అమెరికా నల్లవాళ్ళ పోరాట సంస్థ బ్లాక్ పాంథర్స్‌ను చూసే. ఇంత చరిత్ర ఉంటే 'అప్రస్తుతం' ఎలా అవుతుంది?

నా సంగతి చెప్తాను. మా తాత ఒక దొర దగ్గర జీతం ఉన్నాడు, పదకొండో ఏట నుంచి. అప్పు మా ముత్తాత చేసింది. ఎంత చేసినా అది తీరలేదు. తాతకు లెక్కలు రావు కాబట్టి ఎంత తీరిందో ఆయనకు తెలియదు. డగ్లస్ యజమాని భార్యతో "వీడికి అక్షరాలు నేర్పితే ఇక బానిసగా పనికిరాడు" అనే చోటు చదువుతుంటే పుస్తకం మూసి బయటికొచ్చి కూర్చున్నాను. పోల్చాలని పోల్చలేదు. తాత గుర్తొచ్చాడు అంతే.

సెమినార్_హాల్
పల్లె_దారి, ఇలా రాస్తే ఎవరైనా మార్కులు ఎలా కోస్తారు? నా అభ్యంతరం ఊరికే వాడేసే రెండు లైన్ల మీదే. ఫూలే అంకితం, అంబేడ్కర్ ఉత్తరం, ఈ రెండూ సిలబస్‌లోనే ఉండాలి.

మూడో_బెంచి
నోట్ చేసుకున్నా. 1873, 1946, 1972. ఈసారి మార్కులు కోస్తే ఈ థ్రెడ్ ప్రింట్ తీసి పట్టుకెళ్తా.

డల్లాస్_చిన్ని
నేను ఇక్కడ ఎం.ఎస్. కంప్యూటర్స్. మా తమ్ముడు ఇక్కడే అండర్‌గ్రాడ్ చేస్తూ ఆఫ్రికన్ అమెరికన్ లిటరేచర్ ఎలెక్టివ్ తీసుకున్నాడు. మొదటి రోజే ప్రొఫెసర్ ఒక నియమం పెట్టారట. పుస్తకంలో నల్లవాళ్ళను అవమానించే, ఎన్‌తో మొదలయ్యే ఆ తిట్టు వస్తే పైకి చదవొద్దు, ఆగి దాటేయండి అని. లైబ్రరీ_పురుగు చెప్పినట్టు పైకి చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. ట్వెయిన్ 'హకిల్‌బెరీ ఫిన్'లో ఆ మాట రెండు వందల సార్లకు పైగా వస్తుంది. 2011లో ఒక ప్రచురణ సంస్థ ఆ మాట తీసేసి 'స్లేవ్' అని పెట్టి అచ్చేస్తే పెద్ద గొడవ అయింది.

ఇంకోటి చెప్పాలి. కోపంగానే చెప్తున్నా. ఇక్కడ మన తెలుగువాళ్ళు ఇల్లు అద్దెకు వెతికేటప్పుడు "అది నల్లోళ్ళ ఏరియా, వద్దు" అంటారు, పిల్లల ముందే. మనం ఇక్కడికి రాగలిగింది 1965 ఇమిగ్రేషన్ చట్టం వల్ల. అంతకుముందు ఇండియాకు ఏడాదికి వంద వీసాల కోటా. ఏ దేశంలో పుట్టావన్నదాన్ని బట్టి కోటా పెట్టే ఆ పద్ధతి పోవడానికి దారి వేసింది నల్లవాళ్ళ పౌరహక్కుల ఉద్యమం. 1964లో పౌరహక్కుల చట్టం, మరుసటి ఏడే ఇది. వాళ్ళు లాఠీలు తింటే మనకు వీసాలొచ్చాయి. ఈ పేపర్ మన ఇంజినీర్లందరికీ కంపల్సరీ చేయాలి.

గోదారి_గట్టు
చిన్ని, నీ పోస్టు మా బావకు ఫార్వర్డ్ చేశా. అట్లాంటాలో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాడు. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు ఆ ఊళ్ళోనే ఉంది, ఇంతవరకూ చూడలేదు.

నెట్_ప్రిపరేషన్
నేను ఉద్యోగం గురించి చెప్పింది తప్పేం కాదు, అందరికీ జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) రాదు. కానీ రొట్టె సంగతి, 1662 సంగతి నాకు తెలియవు. నా దగ్గర ఉన్నది తేదీల చార్టే. ఒకటి అడుగుతా, టోనీ మారిసన్ 'బిలవ్డ్' అంత కష్టమా? రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశా. మొదటి వాక్యంలోనే ఏదో 124 అని ఉంటుంది.

పలాస_పిల్ల
124 ఇంటి నంబరు. మా రూమ్మేట్‌కు చెప్తే "బై ఎంత?" అని అడిగింది, మన డోర్ నంబర్ల అలవాటు 😄

ఒకటి, రెండు తర్వాత మూడు లేదు చూడండి. కథానాయిక సెథెకు నలుగురు పిల్లలు, చనిపోయింది మూడో బిడ్డ. అలా చదువుతారు చాలామంది. దీని వెనక నిజంగా జరిగిన సంగతి ఉంది. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ కుటుంబంతో కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నది దాటి సిన్సినాటికి పారిపోయింది. వెంటాడి చుట్టుముట్టారు. బిడ్డను మళ్ళీ బానిసత్వంలోకి పంపలేక తన చేత్తోనే చంపేసింది. కోర్టులో వాదన ఎక్కడ నడిచిందంటే, ఆమెను మనిషిని చంపిన మనిషిగా విచారించాలా, పారిపోయిన ఆస్తిగా యజమానికి అప్పగించాలా అని. అప్పగించారు. మారిసన్ పబ్లిషింగ్ కంపెనీలో ఎడిటర్‌గా ఉన్న రోజుల్లో పాత పత్రికల్లో ఈ కథ చదివింది. 1987లో నవల వచ్చింది, 1988లో పులిట్జర్, 1993లో నోబెల్.

నన్ను పట్టుకున్నది మాత్రం సమాధి రాయి. రాయి మీద పేరు చెక్కించడానికి సెథె దగ్గర డబ్బుల్లేవు. చెక్కేవాడికి పది నిమిషాలు తన ఒళ్ళు అప్పగించింది. ఇంగ్లీష్‌లో ఏడక్షరాల 'బిలవ్డ్' అనే ఆ ఒక్క మాటకే అది సరిపోయింది. ఇంకో పది నిమిషాలు ఇచ్చి ఉంటే, పాదిరి ప్రార్థనలో దాని ముందు వచ్చే 'డియర్లీ' కూడా చెక్కేవాడేమో అని ఏళ్ళ తర్వాత కూడా ఆలోచిస్తూ ఉంటుంది. ఇది చదివాక రెండు రోజులు నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఏ నోట్స్‌లో ఉంటుంది ఇది?

లైబ్రరీ_పురుగు
'బిలవ్డ్'కు ముందు బానిసగా బతికిన హారియట్ జేకబ్స్ ఆత్మకథ చదవండి, 1861. యజమాని వేధింపులు తప్పించుకోవడానికి అమ్మమ్మ ఇంటి చూరు కింద దాదాపు ఏడేళ్ళు దాక్కుంది. ఆ చోటు పొడవు 9 అడుగులు, వెడల్పు 7, ఎక్కువ ఎత్తున్న చోట 3 అడుగులు. నిలబడటానికి లేదు. చెక్కకు చిల్లులు పెట్టుకుని అందులోంచి తన పిల్లలు ఆడుకోవడం చూసేది. మారుపేరుతో రాయడం వల్ల ఇది కల్పిత కథ అని వందేళ్ళకు పైగా పండితులు కొట్టిపారేశారు. 1980లలో జీన్ ఫాగన్ యెల్లిన్ పాత ఉత్తరాలు వెతికి, రాసింది జేకబ్సే, రాసింది నిజమే అని తేల్చింది.

ఇంగ్లీష్ కష్టమనుకునేవాళ్ళు ముందు తెలుగులో 'ఏడు తరాలు' చదివినా మంచిదే. అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి అనువాదం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. మా ఇంట్లో అమ్మ, నేను, చెల్లి ముగ్గురం చదివాం.

సెమినార్_హాల్
'ఏడు తరాలు' నేనూ ఏడుస్తూ చదివినవాణ్నే. పరీక్షలో మాత్రం దాన్ని నవలగానే రాయండి, చరిత్ర రికార్డుగా రాయకండి. అందులో కొన్ని భాగాలు వేరే నవలలోంచి తీసుకున్నవని కేసు పడితే 1978లో హేలీ డబ్బు కట్టి రాజీ చేసుకున్నాడు.

పల్లె_దారి
తెలుగు ఊళ్ళల్లో కుంటా కింటే పేరు తెలియడానికి కారణం ఆ పుస్తకమే. అది నాకు చాలు.

బోధన్_బిడ్డ
నాలుగు రోజుల తర్వాత వస్తున్నా. పేపర్ మార్చుకోలేదు.

లైబ్రరీ_పురుగు అన్న చెప్పినట్టు హాస్టల్లో పైకి చదవడం మొదలుపెట్టా. మొదట నేనొక్కదాన్నే, తర్వాత ఇంకో ఇద్దరు చేరారు. నేను జానీ, ఒకామె అమ్మమ్మ, ఇంకొకామె మిగతా ఊరంతా. ఆరు అధ్యాయాలు అయిపోయినయ్. జానీ భర్త జో స్టార్క్స్ దుకాణం అరుగు మీద మ్యాట్ బానర్ కంచరగాడిద గురించి జోకుల మీద జోకులు నడుస్తయ్ కదా, అక్కడ మేం ఇంత నవ్వితే వార్డెన్ మేడమ్ వచ్చి తలుపు కొట్టారు. ఆ గాడిద చచ్చిపోతే ఊరంతా కలిసి అంత్యక్రియలు చేసి ఉపన్యాసాలు ఇస్తరు.

కానీ జానీని ఆ అరుగు మీద కూర్చోనివ్వడు జో. జోకులు ఆమెకూ వస్తయ్, మనసులో తయారుచేసుకుంటది కూడా. లోపల కౌంటర్ దగ్గర నిలబడాలి. జుట్టు ఎవరికీ కనపడకుండా తలకు గుడ్డ కట్టుకోవాలి. అంతకు ముందు వాళ్ళ అమ్మమ్మ ఒక మాట అంటది, ఈ లోకంలో నల్లజాతి ఆడది కంచరగాడిద లాంటిదని. అక్కడ ఆ మాట, ఇక్కడ ఈ గాడిద. రెండూ కలిపి చూస్తే నవ్విన చోటే నోరు మూతపడింది. మా నాయనమ్మ ఎన్ని కథలు చెప్పేదో. వంటింట్లో, పొలంలో, మా దగ్గర చెప్పేది. అరుగు మీద మగవాళ్ళుంటే పక్క సందులోంచి పోయేది.

మీ అందరి పోస్టులూ నోటుబుక్‌లో రాసుకున్నా. సెమినార్‌కు హర్‌స్టన్, రైట్ గొడవే టాపిక్‌గా ఇచ్చా, ఒప్పుకున్నారు. కవిత అక్కా, ఆ 'తొవ్వ' నోటుబుక్ పేజీ ఫొటో తీసి పంపుతావా? సెమినార్‌లో మొదట అదే చూపిస్తా.

కరీంనగర్_కవిత
పంపిన, మెసేజ్ చూడు. సెమినార్ ఏ రోజో చెప్పు, నేను వస్తా.

నెట్_ప్రిపరేషన్
ఆన్‌లైన్ లింక్ ఉంటే పెట్టండి. డగ్లస్ రెండో అధ్యాయంలో ఉన్నా, పాటల గురించి చెప్పే చోట.

పాత_సీనియర్
ఆ పేజీ నెమ్మదిగా చదువు. బానిసలు పాడుతున్నారంటే సంతోషంగా ఉన్నారని ఉత్తరాదివాళ్ళు అనుకుంటారని, అంతకంటే పెద్ద పొరపాటు లేదని అంటాడు అక్కడ. తర్వాత డూబాయిస్ 1903 పుస్తకం తీయి. ప్రతి అధ్యాయం మొదట్లో ఆ పాటల్లోంచి ఒక వరస స్వరం వేసి ఉంటుంది, మాటలు లేకుండా. మా ఊళ్ళో నాట్లప్పుడు ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు. అది వినే పెరిగాను కాబట్టి నాకు ఆ స్వరాలు చదవడం రాకపోయినా పేజీ తిప్పబుద్ధి కాలేదు.